మాంద్యకాలమున మన అంగళ్లు, హోటళ్లు

(మన సంఘ వార్షిక మహాసభయందు కడపలో చేసిన ఉపన్యాసము)



వర్తకమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శులు కోరినపుడు నాకు కొంత సంకోచము కలిగినది. నేను తక్కెడ పట్టినవాడను గాను. ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో శబ్దములును, సమాసములును చెప్పి, గణితోపాధ్యాయుడు రాని దినమున వడ్డీలెక్కలు కూడ చేయించి, విశ్రాంతి పొందినవాడను. అయినను నా శిష్యులలో పెక్కుమంది నేడు ఈ పట్టణమున అంగళ్లు పెట్టుకొని యున్నారు. కొందరు హోటళ్లు నడుపుచున్నారు. వారి కష్టసుఖములు వినుచుండుటయే నాకు గల యర్హత. ఆ యర్హతతోనే మాటాడుచున్నాను.

మన ప్రాచీనులు కృషి, పశుపాలనము, వాణిజ్యము అను మూటిని కలిపి 'వార్త' యను నొక్క పేరుతో పిలిచిరి. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున ఆన్వీక్షకి, త్రయి, వార్త, దండనీతి అని విద్యలను నాల్గుగా చెప్పి, ఈ వార్తను అందులో చేర్చెను. మూడు వృత్తులకు ఒక్క పేరేల పెట్టిరి? ఒకటి చెడినచో తక్కిన రెండును చెడును గనుక. ఈ సత్యమును తెలిసికొనుటకు కడపవానికి శాస్త్రము చదువ నక్కరలేదు. సంవత్సరమునకు సుమారు 700 మిల్లీమీటర్ల వాన కురియు సీమ మనది. ఆ వానయు అదనున పడదు. వేరుశనగ ఊడ దిగు వేళ మబ్బు మొగము చాటువేసినచో, ఆ నష్టము మొదట చేనియందు కనబడును. రెండు నెలలకు పల్లె నుండి పట్టణమునకు వచ్చు బస్సులలో కనబడును. మూడవ నెలకు వై.వి. వీధిలో బట్టల అంగడివాని గల్లాపెట్టెలో కనబడును. ఆ పిమ్మట, బట్టలు కొని యలసి కాఫీ త్రాగబోవు మనుష్యుడే లేనందున, హోటలువాని పెనము మీద కనబడును. కనుక మాంద్యము మన సీమకు క్రొత్త చుట్టము కాదు; చిరకాలపు బంధువే. వచ్చినపుడెల్ల వేరువేరు వేషములతో వచ్చుటచే మనము దానిని గుర్తింపలేకున్నాము.

ఆ వేషములలో మూడింటిని ఇచట స్మరించెదను.

మొదటిది ధాత కరువు. 1876లో ధాతనామ సంవత్సరమున వానలు తప్పి, 1878 వరకును దక్షిణదేశమును పీడించిన మహాక్షామ మది. ధాత యనగా పోషించువాడని యర్థము. ఆ పేరుగల యేటనే పోషణ లేక మన కడప, కర్నూలు, బళ్లారి సీమలలో జనులు రాలిపోయిరి. అప్పటికే మన సీమకు రైలు వచ్చియున్నది. ధాన్యమును తెచ్చుటకు మార్గము గలదు. కాని తెచ్చిన ధాన్యమును కొనుటకు కూలివాని చేత కాసు లేదు. గింజ ధర మిన్నుముట్టినందున, ఉన్న రూక యంతయు గింజకే పోయి, బట్టకు మిగులలేదు. సాలెవాని మగ్గము నిలిచెను. కరువు వచ్చినది చేనికి, పస్తులుండినది మగ్గము గూడ. ధర పెరుగుటచే అంగళ్లు పాడగుట యిది.

రెండవది దీనికి తలక్రిందైనది. 1929 అక్టోబరులో న్యూయార్కు నగరమున వాటాల సంత కూలెను. కడపకును న్యూయార్కునకును ఏమి సంబంధమని అడుగవచ్చును. వేరుశనగయే సంబంధము. చెన్నరాష్ట్రపు రేవులనుండి మన వేరుశనగ ఓడలెక్కి ఫ్రాన్సు దేశపు మార్సెయిల్ పట్టణము వంటి చోట్లకు నూనెకును సబ్బునకును పోవుచుండెడిది. అచట కొనువాడు చేయి ముడుచుకొనగా ఇచట ధర పడిపోయెను. వడ్ల ధరయు మూడు నాలుగేండ్లలో సగమునకు దిగెను. పంట పండినది, ధర లేదు. శిస్తు మాత్రము తగ్గలేదు, అప్పును తగ్గలేదు. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారపు ప్రమాణమును విడిచిన పిమ్మట బంగారము ధర పెరిగినందున, ఆడువారి మెడలలోని నగలు కరగి, కడ్డీలై, ఓడలెక్కి సముద్రము దాటినవి. దీనిని ఆనాటి వారు కష్టకాలపు బంగార మనిరి. షావుకార్లు అప్పులిచ్చుట మానిరి, ఇచ్చినవి రాలేదు. తుదకు 1936లో ఋణపరిష్కార చట్టమును, 1938లో రాజగోపాలాచారి గారి మంత్రివర్గ కాలమున రైతుల ఋణభార నివారణ చట్టమును చెన్నరాష్ట్రమున చేయవలసి వచ్చెను. ధర తగ్గుటచే అంగళ్లు పాడగుట యిది.

మూడవది మనమందరము కన్నులార చూచినది. 2020 మార్చి 25వ తేదీ ఉగాది. శార్వరి నామ సంవత్సరము ప్రవేశించినది. శార్వరి యనగా రాత్రి. ఆ దినముననే దేశమంతట తలుపులు మూయబడినవి. ఉగాదికి మన దేవుని కడప వేంకటేశ్వరస్వామి సన్నిధికి హిందువులతో పాటు ముసల్మాను సోదరులును వచ్చి మ్రొక్కుకొనుట ఈ యూరికి వన్నె తెచ్చిన యాచారము. ఆ యేడు ఆ రాకపోకలు లేవు. ఉగాదికని తెచ్చిన చీరలు, వెంటనే రానున్న రంజానునకు తెచ్చిన బట్టలు, పెండ్లిండ్లకని చేయించిన నగలు అలమారలలోనే నిలిచినవి. బియ్యము, పప్పు అమ్మువారికి కొన్ని గడియలు అనుమతి యుండెను గాని బట్టలవారికిని, కంసాలులకును, కూర్చుండబెట్టి వడ్డించు హోటళ్లకును లేదు. హోటళ్లలో జనులు కూర్చుండి తినుటకు జూను 8న గాని కేంద్రము అనుమతింపలేదు. ఏప్రిలు మొదలు జూను వరకు గల మూడు నెలలలో దేశపు ఉత్పత్తి, ముందటి యేటి అవే నెలలతో పోల్చగా, సుమారు నాల్గవ వంతు తరిగినది. రాష్ట్ర ప్రభుత్వమును ఆదాయము లేక ఉద్యోగుల జీతములలోను పింఛనులలోను సగము వాయిదా వేసెను. నెల మొదటి వారమున సరకులు కొను గృహస్థుని చేయి ఆ విధముగా గూడ కట్టుబడెను. మరల 2021 మే 5 నుండి ఆంధ్రప్రదేశమున మధ్యాహ్నము 12 గంటలకే అంగళ్లు మూయవలసి వచ్చెను. ఇచట సరకు గలదు, ధరయు మితముగనే గలదు. కొనువాడు గడప దాటలేకపోయెను.

ఈ మూటికి నడుమ 2016 నవంబరు 8న పెద్దనోట్లు చెల్లవన్న వేషమొకటి కలదు. చలామణిలో నున్న రొక్కపు విలువలో నూటికి 86 వంతులు ఆ 500, 1000 రూపాయల నోట్లే. అంగడి యున్నది, సరకున్నది, కొనువాడును వచ్చెను. చేతిలో చెల్లు నోటు లేదు.

ధర పెరిగియు, తగ్గియు, కొనువాడు రాకయు, రొక్కము లేకయు, ఇన్ని విధముల ఒకే ఫలము కలుగుచున్నదన్నచో, రోగమూలము ధరలో లేదు, సరకులోను లేదు. ఒకని చేతినుండి మఱియొకని చేతికి పోవుచుండు ప్రవాహము నిలిచిపోవుటయే మాంద్యము. మందమనగా మెల్లనిది. ఆ మాటయే మనకు లక్షణము చెప్పుచున్నది.

ఇక ఈ మాంద్యము అంగడిని ఎట్లు పట్టునో కొంచెము లెక్కవేసి చూతము. ఒక చిన్న హోటలు దినమునకు 6,000 రూపాయల అమ్మకము చేయుచున్నదనుకొందము. బియ్యము, ఉద్దిపప్పు, నూనె, పాలు, కూరగాయలకు 3,000, నలుగురు పనివారికి 1,400, అద్దెకు 500, గ్యాసునకును కరెంటునకును 500. మొత్తము 5,400. మిగులు 600. ఆ యార్నూరుతోనే ఇల్లు గడువవలెను, పిల్లల ఫీజులు కట్టవలెను. ఇపుడు అమ్మకము నాల్గవ వంతు తగ్గి 4,500 అయినది. సరకుల వ్యయము 2,250కు దిగును. గ్యాసు, కరెంటు 400కు దిగుననుకొందము. పనివారి కూలి 1,400, అద్దె 500 అట్లే యుండును. మొత్తము 4,550. అనగా దినమునకు 50 రూపాయలు నష్టము. నాయనలారా! అమ్మకము పోయినది నాల్గవ వంతే. లాభము పోయినది యావత్తును. వీధిలో పోవువాడు 'హోటలులో జనము ముక్కాలు వంతు ఉన్నారుగదా, వీనికేమి కష్టము?' అనుకొనును. లోపల కూర్చున్నవాడు అప్పుకై లేచుచుండును.

అన్ని అంగళ్ల కష్టమును ఒకటి కాదు. బట్టల అంగడిలో ఈనాడు అమ్ముడుపోని చీర రేపును చీరయే; అయితే దాని క్రింద పెట్టిన సొమ్మునకు వడ్డీ నడచుచుండును. హోటలులో ప్రొద్దున రుబ్బిన పిండి రాత్రికి పులిసిపోవును. మిగిలిన చట్నీ మరునాటికి చట్నీ కాదు. చిల్లర అంగడివానికి మూడవ విధమైన చిక్కు. అతని సరకు పోవును, కాని ఖాతా మీద పోవును. మాంద్యకాలమున అతని యంగడి ముందు జనము పెరుగుటయు కలదు, ఏలయన రొక్కమిచ్చి కొనుచుండినవారు సైతము 'వ్రాసికొనుము' అని వత్తురు. చిట్టా నిండును, గల్లా ఖాళీయగును. టోకు వర్తకుడు మాత్రము అతనిని రొక్క మడుగును. క్రిందివానికి కాదనలేక, పైవానికి లేదనలేక నలిగిపోవువా డీ చిల్లర అంగడివాడు.

కష్టము రాగానే మనుష్యుని బుద్ధి మొదట ఎచటికి పోవును? తనకంటె బలహీనుని మీదికి. టోకు వర్తకుడు చిల్లరవానిని ఒత్తును. హోటలు యజమాని పనివానిని మానిపించును. పాలవాని బాకీని 'వచ్చే నెల' అని త్రోయును. ఒక్కొక్కరి దృష్టికి ఇది జాగ్రత్తగనే తోచును. అందరును ఏకకాలమున ఈ జాగ్రత్త పడుటయే మాంద్యమును ముదురజేయుచున్నది. 1930 తరువాతి సంక్షోభమును విమర్శించి, కీన్సు అను ఆంగ్ల పండితుడు 1936లో ప్రకటించిన గ్రంథమున ఈ విషయమునే విస్తరించెను. ఒకని వ్యయమే మఱియొకని ఆదాయము. అందరును చేయి బిగించినచో అందరి చేతులును ఖాళీయగును.

మనకు తెలిసిన యుదాహరణము చెప్పెదను. కడపలో కారము దోసె తినని వారుండరు. ఆ దోసెను పెనము మీద వేయుటకు ముందు ఎందరు కూలి పొందియున్నారో ఎంచుడు. కర్నూలు-కడప కాలువ క్రింద వరి పండించిన రైతు, చట్నీకై వేరుశనగ యొలిచిన ఆడుకూలి, మైదుకూరు వైపు ఎఱ్ఱగడ్డలు త్రవ్వినవారు, పులివెందుల ప్రాంతమునుండి అరటియాకు తెచ్చినవాడు, పాలు పోసిన గొల్లవాడు, గిన్నెలు తోము వితంతువు, బల్ల తుడుచు కుఱ్ఱవాడు. దోసె యొకటి తగ్గినపుడు ఇందరి పాలును కొంచెము కొంచెము తగ్గును. వీరే మరల మన బట్టల అంగడికి పండుగనాడు వచ్చు బేరగాండ్రు. వీరిని విడిచినవాడు తన బేరమును తానే విడిచినవాడు.

ఈ మాటను కులసభలో బుద్ధిపూర్వకముగనే చెప్పుచున్నాను. మన సంఘము మన కులమువారి యభివృద్ధికై యేర్పడినది, అది న్యాయమే. కాని ఈ గొలుసునందలి లంకెలు ఒక్క కులమువారివి కావు. మనవాని హోటలును నిలబెట్టువాడు వేఱు కులపు వంటవాడు. మనవాని అంగడిని నిలబెట్టువాడు వేఱు మతపు బేరగాడు. కనుక మనవారిని మాత్రమే కాపాడుదుమను సంఘము, మనవారిని సైతము కాపాడలేదు.

మఱియొక మాట గలదు. ఇది కొందరికి రుచింపకపోవచ్చును. అయినను వృద్ధుడను, ఉపాధ్యాయుడను, క్షమింతురని చెప్పెదను. 2020లో ప్రభుత్వము కొన్ని యుపశమనములు కల్పించినది. బ్యాంకు అప్పుల కిస్తులకు మార్చి 1 నుండి ఆగస్టు 31 వరకు వాయిదా లభించెను. ఆ యారు నెలలకు వడ్డీపై వడ్డీ తీసికొనరాదని 2021 మార్చి 23న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. వీధి వర్తకులకు 10,000 రూపాయల అప్పునకు పథకము పెట్టిరి. కూలివారి యిండ్ల అద్దెను ఒక నెల అడుగరాదని 2020 మార్చి 29న కేంద్రము ఆజ్ఞ చేసెను. మంచిదే. కాని మన చిన్న అంగళ్లలో ఎన్ని బ్యాంకు అప్పుతో నడచుచున్నవి? ప్రామిసరీ నోటు మీదను, చేబదులు మీదను, చీటీ పాట మీదను నడచునవే హెచ్చు. ఆ యప్పులకు వాయిదా లేదు. మూసియున్న అంగడికి అద్దె కట్టనక్కర లేదన్న చట్టమును రాలేదు. అచట చట్టము నిలిచినది, ధర్మమొక్కటియే మిగిలినది. ఆ యప్పులిచ్చినవా రెవరు? ఆ యంగడి గదుల యజమాను లెవరు? దూరదేశమువారు కారు. అనేక సందర్భములలో మనవారే. ఈ పందిటిలోనే, ఒకే వరుసలో, అద్దె కట్టువారును, కట్టించుకొనువారును కూర్చుండియున్నారు.

నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ యనగా సంవత్సరమునకు 36. లక్ష రూపాయలు తెచ్చినవాడు రెండేండ్లు కట్టలేకపోయినచో, ఏటేట వడ్డీని అసలులో కలుపగా 1,84,960 అగును. దీనిని మన శాస్త్రములు చక్రవృద్ధి యనినవి. చక్రము తిరుగునపుడు దానిక్రింద పడినవానిని అడుగుడు, అది వృద్ధియో క్షయమో. దినమునకు 600 మిగులు హోటలు మంచి కాలమున సైతము ఈ భారమును మోయజాలదు. అట్టివాడు హోటలు మూసికొని బెంగుళూరునకు వంటవాడుగా పోయినచో, అప్పిచ్చినవానికి అసలును దక్కదు, గది యజమానికి అద్దెయు దక్కదు. ఊరిలో తాళము వేసిన గది యొకటి పెరుగును. కనికరమునకై కాకున్నను, లెక్కకై యైనను దీనిని ఆలోచింపుడు.

కావున ఈ మహాసభ ముందు నాలుగు విన్నపములు పెట్టుచున్నాను.

మొదటిది. అంగడి గదుల యజమానులగు మన సభ్యులు అద్దె కాగితములలో ఒక వాక్యము చేర్చవలెను. ప్రభుత్వాజ్ఞచేగాని, వరదచేగాని అంగడి మూయవలసి వచ్చిన నెలలలో సగమునకు మించి అద్దె యడుగమని. అచ్చు కాగితమును సంఘమే చేయించి యీయవచ్చును.

రెండవది. ఆపన్నిధి యొకటి స్థాపింపవలెను. మంచి యేడు ప్రతి యంగడియు తన శక్తికొలది కొంత వేయవలెను. చెడు యేడు అందుండి చిన్న అంగడివానికి నెలకు నూటికి అర్ధరూపాయి వడ్డీకి, చక్రవృద్ధి లేకుండ, అప్పు దొరకవలెను. దాని జమాఖర్చులు ఏటేట ఈ సంచికలోనే అచ్చుపడవలెను. సొమ్ము ఎక్కడిదందురా? పూలదండలకును, శాలువలకును, ద్వారతోరణములకును అగు వ్యయములో సగముతో ఆరంభింపుడు. నాకు మీరు వేయదలచిన దండ వెలను మొదటి చందాగా అందు జమకట్టుడని కోరుచున్నాను.

మూడవది. పెద్ద వర్తకులు చిన్నవారి బాకీలను ముందుగా తీర్చవలెను. పాలవానికి నూరు, కూరలవానికి రెండు నూర్లు, ఇవి వారి మూలధనము. వీటిని నిలిపి మనము దాచుకొనగలిగినది అత్యల్పము. వారు కోల్పోవునది సర్వస్వము. బేరము తగ్గినపుడు పనివారిలో ఇద్దరిని తీసివేయుటకు మారుగా, నలుగురికి పనిదినములు పంచుట మేలు. బేరము మరల వచ్చునపుడు చేయి తిరిగిన వంటవాడు కావలెనన్న దొరకడు.

నాల్గవది. పిల్లలకు లెక్క వ్రాయుట నేర్పవలెను. మన పెద్దలకు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకము లుండెడివి. దీపము పెట్టిన పిమ్మట ఆనాటి లెక్క ఆనాడే తేల్చెడివారు. ఈనాడు రొక్కము చేతిఫోనులోనికి వచ్చి పోవుచున్నది. అమ్మకమేదో, లాభమేదో పెక్కుమందికి తెలియుట లేదు. దినమునకు 50 రూపాయలు పోవుచున్నదని మొదటి నెలలో తెలిసినవాడు బ్రతుకును. పండ్రెండవ నెలలో తెలిసినవానికి మందు లేదు. ఈ పని నావంటి విశ్రాంతోపాధ్యాయులు చేయగలరు. ఆదివారము ఉదయము సంఘపు గది తెరచియుంచినచో నేను వచ్చి చెప్పెదను, రుసుము అక్కరలేదు.

సోదరులారా! వాన మన చేతిలో లేదు. న్యూయార్కు సంతయు, ఢిల్లీ యాజ్ఞయు మన చేతిలో లేవు. మన చేతిలో నున్నది ఒక్కటియే: కష్టము వచ్చినపుడు మనకంటె చిన్నవానిని మనమేమి చేయుదుము అనునది. మరల మాంద్యము వచ్చును. ఏ వేషమున వచ్చునో ఎవరును చెప్పలేరు. వచ్చిననాడు ఏడు రోడ్ల కూడలినుండి వై.వి. వీధి వరకు ఎన్ని తలుపులు తెరచి యుండునో, అది ఈ పందిటిలో కూర్చున్నవారి మనస్సులను బట్టి చాలవరకు నిర్ణయమగును.

నా విన్నపములలో ఒక్కటియైనను ఈ సభ తీర్మానముగా స్వీకరించినచో నేను ధన్యుడను.